కాలు తీసినా ఆగని బండి

రాజలింగు చెవులు బొగ్గుబాయిలోనే పోయాయి. ముప్పై ఒక్క ఏళ్ళు భూమి కింద హాలేజ్ ఇంజన్ పక్కన కూచుని, బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి గుంజిన మనిషి. ఎదుటివాళ్ళు మాట్లాడితే సగం చెవితో వినేవాడు, మిగతా సగం పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునేవాడు. యంత్రాల సంగతి మాత్రం వేరు. వాటి మీద అరచెయ్యి పెడితే చాలు, లోపల ఏది కుదురుగా ఉందో ఏది లేదో తెలిసిపోయేది.

అందుకే అల్లుడు సంపత్ కరీంనగర్‌లో తన పాత పికప్ బండికి కొత్త బలం ఎక్కించి తెచ్చి, మందమర్రిలో అందరూ కలిసి ఉండే ఇంటి ముందు ఆపిన రోజు, రాజలింగు ముందుగా చేసిన పని బానెట్ మీద చెయ్యి పెట్టడం.

"ఎట్లున్నది మామా?" సంపత్ సీటులోంచి దిగకుండానే గట్టిగా అడిగాడు. కాలితో ఒక్కసారి ఎక్సలేటర్ తొక్కి వదిలాడు. గల్లీలో కుక్కలు లేచి దూరం జరిగాయి.

చెయ్యి కింద ఇంజన్ బలంగా కొట్టుకుంటోంది. ఆ బలం కింద, ఇంకా లోపల ఎక్కడో, ఒక సన్నటి వణుకు ఉంది. జ్వరంతో ఉన్న మనిషి పళ్ళు బిగబట్టి నిలబడ్డట్టుంది.

"మస్తుగున్నది" అన్నాడు రాజలింగు. అని, చెయ్యి తీసి తువ్వాలతో తుడుచుకున్నాడు.

సంపత్‌ది టెంట్ హౌస్. పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు, లైట్లు, వాటితో పాటు నాలుగు చక్రాల ట్రాలీ మీద కూచున్న పెద్ద జనరేటర్. మూడు టన్నులు తూగే ఆ జనరేటర్‌ను లాగవలసింది పద్నాలుగేళ్ళ పాత డీజిల్ పికప్పే. సమతలం మీద లాగేది. పోయిన మాఘమాసంలో ఇచ్చోడలో ఒక పెళ్ళికి పోతూ నిర్మల్ దాటాక పాత ఘాట్ రోడ్డులో, మూడో మలుపు దగ్గర ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. చివరికి పెళ్ళివారే ట్రాక్టర్ పంపి గుంజుకుపోయారు. పెళ్ళికూతురు అన్నదమ్ములు దాన్ని వీడియో తీసి, 'ముసలెద్దును దున్నపోతు గుంజుడు' అని రాసి అందరి ఫోన్లలోకి వదిలారు. సంపత్ నాలుగు రోజులు దుకాణం తెరవలేదు. ఐదో రోజు అన్నంముందు కూచుని, "వచ్చే సీజన్‌ల గదే ఘాట్, గదే బండి. ఎట్ల ఎక్కదో చూస్త" అన్నాడు. రాజలింగు కూతురు స్వరూప మొగుడి ముఖం చూసి, అతని కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టింది.

కరీంనగర్ బైపాస్ పక్కన కొండల్ అనే మెకానిక్ షెడ్డు ఉంది. పన్నెండేళ్ళు సౌదీలో, దమ్మాంలో గ్యారేజీలో చేసి వచ్చినవాడు. ఎడారి ఇసుకలో పడవల ట్రాలీలను, ఒంటెల బండ్లను లాగే పికప్పులకు బలం ఎక్కించడంలో చెయ్యి తిరిగినవాడని పేరు. బండి పని కోసం సంపత్ మామను వెంటబెట్టుకుని అక్కడికే వెళ్ళాడు.

కొండల్ పని చెప్పుకుంటూ పోయాడు. ఇంజన్‌లోకి ఎక్కువ గాలి ఊదే పెద్ద టర్బో వెయ్యాలి. ఆ గాలికి తగ్గట్టు డీజిల్ పంపు పెంచాలి. క్లచ్ ప్లేటు మార్చాలి. వెనక బరువు మోసే కమాన్ పట్టీలు ఇంకో రెండు వెయ్యాలి, ట్రాలీ తగిలించే హుక్కు కింద ఇనుపదిమ్మె వెల్డింగ్ చెయ్యాలి. సంపత్ ఒక్కోదానికీ తల ఊపాడు.

తర్వాత కొండల్ ఇంజన్ నడుస్తుండగానే, ఆయిల్ పోసే మూత తీసి చూపించాడు. మూతలోంచి నీలంపొగ ఆగి ఆగి, ఊపిరి తీసినట్టు పైకి వచ్చింది.

"చూసినవా తమ్మీ? లోపల పిస్టన్ రింగులు అరిగినయి. గాలి కిందికి దిగుతున్నది. ముందుగాల ఇంజన్ విప్పి పిస్టన్ ఆడే బోరు సాపు చేపియ్యి, రింగులు కొత్తవి వేపియ్యి. గప్పుడు టర్బో వేద్దాం. ముసలోని గుండెకు పడుచోని ఊపిరి ఎక్కించినట్టు గావద్దు."

"ఎన్ని రోజులైతది అన్నా?"

"ఇరవై రోజులు."

"ఎనిమిదో రోజు ఇచ్చోడల లగ్గమున్నది. గా ఇంటోళ్ళకే. పోయినసారి వీడియో తీసినోళ్ళ మేనమామ బిడ్డది. నేనే కావాలని పట్టుకున్న ఆర్డర్." సంపత్ నవ్వాడు గాని కళ్ళలో నవ్వు లేదు. "టర్బో వెయ్యి. సీజన్ అయినంక బోరు చేపిస్త. మాటిస్తున్న."

కొండల్ రాజలింగు వైపు చూశాడు. "కాకా, నువ్వన్న చెప్పు జర."

రాజలింగుకు ప్రతి మాటా తెలిసింది. పెదవులు కనిపిస్తున్నాయి. అయినా, వినబడనట్టు, తువ్వాల భుజం మార్చుకుని ఊరుకున్నాడు. అల్లుడి పని. అల్లుడి బండి. పదిమంది పనివాళ్ళు చూస్తున్నారు. పిల్లనిచ్చిన వాడు అందరిముందూ అల్లుడి మాట తీసెయ్యడం ఎట్లా? చెవిటితనం ఆ పూటకు అతనికి అక్కరకు వచ్చింది.

అక్కరకు వచ్చిందనుకున్నాడే గాని ఆ రోజు నుంచి అన్నం సరిగా దిగలేదు. ఏళ్ళ కిందట బాయిలో ఒకసారి ఇట్లాగే ఊరుకున్నాడు. పాదాల కింద ఇనుప తాడు వణుకు తేడాగా తగిలింది. షిఫ్టు అయిపోయాక చెబుదామనుకున్నాడు. షిఫ్టు అయిపోకముందే తాడు తెగి, పైకి ఎక్కుతున్న టబ్బులు చీకట్లోకి వెనక్కి దొర్లాయి. వెంకులు అనే తోటివాడి కాలు పోయింది. తాడు వణికిన సంగతి తనకు ముందే తెలుసని రాజలింగు ఎవరికీ చెప్పలేదు, భార్య అనసూర్యకు కూడా.

బండి ఇంటికి వచ్చాక, ప్రతి ఉదయం సంపత్ లేవకముందే రాజలింగు బానెట్ ఎత్తి ఆయిల్ కొలిచే కమ్మీ లాగి చూసేవాడు. మొదటిరోజు ఆయిల్ పైగీత దగ్గర ఉంది. రెండోరోజు కొంచెం దిగింది. నాలుగోరోజుకు కిందిగీత. కింద నేల మీద చూస్తే ఒక్క చుక్క లేదు. కారడం లేదు. మరి ఎటు పోతోంది? టర్బో నుంచి ఇంజన్‌కు వెళ్ళే గొట్టం లోపలికి వేలు పెట్టి చూశాడు. వేలు నల్లగా, జిడ్డుగా బయటికి వచ్చింది.

ఆ వేలు తీసుకుపోయి అల్లుడికి చూపించాడు. "ఆయిల్ గాలిగొట్టంలకు వస్తున్నది సంపత్. గిది మంచిది గాదు."

సంపత్ పళ్ళు తోముకుంటున్నాడు. ఉమ్మేసి, "టర్బో కొత్తది గదా మామా, సెట్ అయ్యేదాక జర తాగుతది. ఫికర్ చెయ్యకు. లీటరు డబ్బా బండిలనే పెట్టిన" అన్నాడు.

"లగ్గానికి వేరే బండి మాట్లాడరాదు?"

సంపత్ ముఖం బిగుసుకుంది. "గా మాట ఇంకోసారి అనకు మామా."

ఆ సాయంత్రం అనసూర్య భర్తకు చాయ్ ఇస్తూ చెవి దగ్గరకు వంగి, "అల్లునితోటి కొట్లాడకయ్యా. బిడ్డ నడుమ నలుగుతది" అంది. రాజలింగు చాయ్ తాగలేదు. గోడకు ఆనుకుని, బయట నిలబడ్డ తెల్ల బండిని చూస్తూ కూచున్నాడు. దాని ముందు అద్దంలో పొద్దు ఎర్రగా దిగుతోంది.

"రేపు నేను గూడ పోత" అన్నాడు చివరికి.

పొద్దున్నే స్వరూప స్టీల్ టిఫిన్ బాక్సులో చపాతీలు పెట్టి, పెద్ద మూత బిగించి తండ్రి ఒళ్ళో పెట్టింది. "బాపూ, తొవ్వల నువ్వు జర చూస్తుండు" అంది.

కూలీలు, టెంటు సామాను ముందే లారీలో వెళ్ళిపోయారు. పికప్‌లో ఇద్దరే. లక్షెట్టిపేట, జన్నారం దాటేవరకు బండి నిజంగానే కొత్త పెళ్ళికొడుకులా పోయింది. వెనక మూడు టన్నులు ఉన్నాయన్న సంగతే దానికి తెలియనట్టుంది. రెండు లారీలను దాటించి సంపత్ స్టీరింగ్ మీద చెయ్యి కొట్టాడు. రాజలింగు పక్క అద్దంలో చూస్తున్నాడు. ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా నల్లపొగ. అది మామూలే, పంపు పెంచారు. కాలు తీసినప్పుడు వచ్చే పొగ మాత్రం నల్లగా లేదు. నీలంగా ఉంది.

ఖానాపూర్‌లో చాయ్‌కి ఆగారు. ఆయిల్ కమ్మీ చివరన తడి అంటీ అంటనట్టుంది. లీటరు డబ్బా మొత్తం పోశారు. హోటల్ ముసలమ్మ పొగకు ముక్కు మూసుకుని, "ఏం కాలవెడుతున్నరు బిడ్డా, గింత కమురు వాసన?" అని అడిగింది. సంపత్ చాయ్ గ్లాసు పెట్టి ముందుగా వెళ్ళి బండెక్కాడు.

నిర్మల్ దాటేసరికి రెండున్నర అయింది. ఎండ మండుతోంది. పెద్ద హైవే పట్టుకుని పోవచ్చు. సంపత్ మాత్రం ఇండికేటర్ వేసి పాత ఘాట్ వైపు తిప్పాడు.

"గిటెందుకు?" రాజలింగు ఉలిక్కిపడ్డాడు.

"మూడో మలుపు కాడ మనకు లెక్కున్నది మామా." సంపత్ తన ఫోన్ తీసి మామ చేతిలో పెట్టాడు. "గీ ఎర్రగుండు మీద ఒత్తితే వీడియో వస్తది. మలుపు ఎక్కంగ తియ్యి. నేనూ పంపిస్త అందరికీ."

టేకు చెట్లు ఆకులు రాల్చి బోసిగా నిలబడ్డాయి. పిట్టగోడల మీద ఎప్పుడూ బారులు తీరి కూచునే కోతులు ఆ రోజు ఒక్కటీ లేవు. మొదటి మలుపు రెండో గేరులో ఎక్కింది. రెండో మలుపు దగ్గర ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీతను ముట్టింది. రాజలింగు ఫోన్ ఒక చేత్తో పట్టుకుని, రెండో అరచెయ్యిని డ్యాష్‌బోర్డు మీద ఆనించాడు. ఆ సన్నటి వణుకు ఇప్పుడు సన్నగా లేదు.

"ఆపు సంపత్. జర సల్లారనియ్యి."

"గిప్పుడు ఆపితే మళ్ళ లేవది!"

మూడో మలుపు వచ్చింది. వచ్చి, వెనక్కి పోయింది. బండి ఆగలేదు, తడబడలేదు. ఫోన్ మీద ఒత్తాలన్న సంగతే రాజలింగుకు గుర్తు లేదు. సంపత్ కిటికీలోంచి తల బయటపెట్టి కేక వేశాడు. ఆ సంబరంలో ఎక్సలేటర్‌ను అడుగుదాకా తొక్కాడు.

నాలుగో మలుపు ముందు రోడ్డు కాస్త సమంగా ఉంది. సంపత్ కాలు తీశాడు.

ఇంజన్ చప్పుడు తగ్గలేదు.

తగ్గకపోగా పెరిగింది. రాజలింగుకు కూడా వినబడేంత పెరిగింది. అద్దంలో వెనక ట్రాలీ కనిపించడం లేదు. జనరేటర్ లేదు, రోడ్డు లేదు. తెల్లటి పొగ గోడలా లేచింది.

"కాలు తీసిన మామా! కాలు తీసిన!" సంపత్ అరుస్తున్నాడు. "కాలు మీదనే లేదు!"

బండి దానంతట అదే మలుపు ఎత్తు మీదికి దూసుకుపోతోంది. మలుపులో పిట్టగోడ విరిగి ఉంది, అవతల లోయ. సంపత్ భయంతో క్లచ్ తొక్కి, బ్రేకు మీద నిలబడ్డాడు. బండి ఆగింది. భారం తప్పిన ఇంజన్ మాత్రం కొయ్యలమిల్లు రంపంలా కూత పెట్టింది. సంపత్ తాళంచెవి తిప్పాడు. తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇంజన్ ఆగలేదు. డీజిల్ అక్కర్లేదు దానికి. అరిగిన రింగుల్లోంచి, టర్బోలోంచి వస్తున్న తన ఆయిల్‌ను తనే తాగుతూ నడుస్తోంది. తాగేది అయిపోయేదాకో, లోపల ఏదో విరిగి బయటికి దూకేదాకో నడుస్తుంది.

టాప్ గేరులో వేసి, క్లచ్ వదిలి, బండి బరువుతో ఇంజన్‌ను నొక్కి ఆపుదామని సంపత్ గేరు రాడ్ గుంజాడు. కర్రుమని పళ్ళు కొట్టుకున్నాయి గాని గేరు పడలేదు. ఆ గుంజుడుకు బ్రేకు మీద కాలు సడలింది. అదే అదనుగా ట్రాలీ వెనక్కి లాగడం మొదలుపెట్టింది. బండి అంగుళం జారింది. ఇంకో అంగుళం.

"బ్రేకు మీదికెంచి కాలు తియ్యకు!" రాజలింగు ఫోన్ సీటులో పడేసి, తలుపు తీసి దూకాడు.

పొగలోకి దూకాడు. దగ్గుతూ ట్రాలీ వెనక్కి పరిగెత్తితే, పది అడుగుల దూరంలో ఒక జీపు ఆగి ఉంది. ఇచ్చోడ అంగడికి పోతున్న ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళల్లో పిల్లలు. డ్రైవర్ ఏమైందో తెలియక హారన్ కొడుతున్నాడు.

"ఎన్కకు పో! ఎన్కకు!" రాజలింగు రెండు చేతులూ ఊపాడు. విరిగిన పిట్టగోడ రాళ్ళలో ఒకటి ఎత్తలేక ఎత్తి ట్రాలీ చక్రం కింద దొర్లించాడు. జీపు డ్రైవర్ అప్పటికి సంగతి గ్రహించి ఇంకో రాయి తెచ్చి రెండో చక్రం కింద తోశాడు. చక్రాలు రాళ్ళెక్కబోయి, ఆగాయి.

"కాకా, దూరం రా! పేలుతది గది!" డ్రైవర్ చెయ్యి పట్టుకుని గుంజాడు.

దూరం పోవడానికి లేదు. సంపత్ లోపల ఉన్నాడు. రెండు రాళ్ళ మీద నమ్మకం లేక రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి, స్టీరింగ్‌ను కరుచుకుని కూచున్నాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. తన మనసులో తాళం వేసి పెట్టుకున్నది ఏదైతే ఉందో, అది అప్పుడు రాజలింగు నోట్లోంచి వచ్చింది. "నేను ముందుగాల్నే చెప్పాల్సింది బిడ్డా" అన్నాడు. సంపత్‌కు ఆ మోతలో ఏమీ వినబడలేదు.

బాయిలో మంట అంటుకుంటే నీళ్ళతో ఆర్పరు. ఆ చోటును గోడలు కట్టి మూసేస్తారు. గాలి లేకపోతే ఏ మంటైనా చావాల్సిందే. రాజలింగు బానెట్ ఎత్తాడు. వేడి ముఖానికి కొట్టింది. ఇంజన్ దాని దిమ్మెల మీద ఎగురుతోంది. ఎర్రగా కాలుతున్న టర్బో దగ్గరికి వెళ్ళే రబ్బరు గాలిగొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, కాలు బంపర్‌కు తన్ని గుంజాడు. ఊడి వచ్చింది. టర్బో నోరు బయటపడింది.

భుజం మీద తువ్వాల దాని నోట్లో కుక్కాడు. తువ్వాల కంటికి కనిపించకుండా పోయింది. ఒక్క రెప్పపాటు ఇంజన్ గొంతు మారి, మళ్ళీ కూత అందుకుంది.

అతను వెనక్కి తిరిగి క్యాబిన్‌లో చెయ్యి పెట్టి తడిమాడు. టిఫిన్ బాక్సు దొరికింది. మూత ఊడబెరికి, చపాతీలు రోడ్డు మీద పారేసి, ఆ స్టీలు మూతను టర్బో నోటికి అడ్డంగా పెట్టి అరచేత్తో అదిమాడు. లోపలినుంచి ఏదో బలంగా మూతను పట్టి గుంజుకుంది. చెయ్యి కాలుతోంది. చర్మం వాసన తనకే తగిలింది. వదల్లేదు. ఇంజన్ దగ్గింది. రెండుసార్లు బండిని ఎత్తి కుదేసింది. తర్వాత, గొంతు నులిమినట్టు, ఆగిపోయింది.

ఘాట్ అంతా నిశ్శబ్దం. జీపులో ఒక పసిపిల్ల ఏడుస్తోంది. ఆ ఏడుపు రాజలింగుకు వినబడలేదు గాని తల్లి పిల్లను ఊపడం కనిపించింది.

సంపత్ బ్రేకు మీంచి కాళ్ళు తియ్యడానికి చాలాసేపు పట్టింది. రాళ్ళు సరిగ్గా ఉన్నాయని జీపు డ్రైవర్ మూడుసార్లు చూపించాల్సి వచ్చింది. దిగి రోడ్డు మీదే కూచున్నాడు. మామ చెయ్యి చూసి, తల దించుకున్నాడు.

"నొస్తున్నదా మామా?"

"ఇప్పుడిప్పుడే" అన్నాడు రాజలింగు.

మళ్ళీ ట్రాక్టరే వచ్చింది. పోయినసారి వచ్చిన అబ్బాయిలే వచ్చారు. కమురు పొగ, విరిగిన పిట్టగోడ, ముసలాయన చేతికి జీపులోని ఆడవాళ్ళు చుట్టిన చీరముక్క చూశాక ఈసారి ఎవరూ ఫోన్ తియ్యలేదు. జనరేటర్ పొద్దుగూకే ముందు ఇచ్చోడ చేరింది. పెళ్ళి జరిగింది, దీపాలు వెలిగాయి. రాజలింగు చేతికి నిర్మల్ ఆసుపత్రిలో కట్టు కట్టారు.

మూడోనాడు కొండల్ బండిని షెడ్డుకు తెప్పించి ఇంజన్ విప్పాడు. ఒక పిస్టన్ కరిగి పోత పోసినట్టుంది. దాన్ని పట్టే రాడ్ వంగి ఇంజన్ లోపలి గోడను తాకుతోంది. కొండల్ దాన్ని వేలితో ముట్టి, "ఇంకో నిమిషమైతే గిది బయటికొచ్చేది. బానెట్ కాడ నిలబడ్డోని కడుపుల పడేది" అన్నాడు. తర్వాత, "తప్పు నాది గూడ ఉన్నది కాకా. నేను వెయ్యనంటే ఐపోయేది" అన్నాడు.

"నేను గూడ విన్న కొండల్. గా రోజు నాకు అన్నీ ఇనవడ్డయి" అన్నాడు రాజలింగు. అంటూ అల్లుడి కళ్ళలోకి చూశాడు. సంపత్ మామ కట్టు ఊడిపోతున్న చోట ముడి సరిచేశాడు.

ఇంజన్ ఈసారి మొదటినుంచి కట్టారు. నెల పట్టింది. బండితో వచ్చిన పాత చిన్న టర్బోనే పెట్టారు. పంపును పాత గీతకే దించారు. పెద్ద జనరేటర్‌కు ట్రాక్టర్ మాట్లాడుకోవాలనీ, పికప్‌కు చిన్నదే తగిలించాలనీ సంపతే అన్నాడు. ఎవరూ అడగకముందే అన్నాడు.

బండి తీసుకుపోవడానికి వచ్చిన రోజు షెడ్డు ముందు ఇంకో పికప్ ఆగింది. అది కూడా పాతదే. వెనక ట్రాలీ మీద వరికోత మిషన్ ముందుభాగం కట్టి ఉంది. దిగినవాడికి పాతికేళ్ళుంటాయి. కోతల సీజన్ మీద ఉన్నాడు, ఒక్కచోట నిలబడలేకపోతున్నాడు.

"అన్నా, మందమర్రి టెంట్ హౌస్ బండికి వేసినవట గదా పెద్ద టర్బో. మూడు టన్నులతోటి మూడో మలుపు ఉరికి ఎక్కిందట. గదే నాకూ వెయ్యి."

కొండల్ చేతులు తుడుచుకున్నాడు. "వెయ్యను తమ్మీ. ముందుగాల ఇంజన్ చూపియ్యి."

"టైం లేదన్నా. నువ్వు వెయ్యకుంటే జగిత్యాల రోడ్డు మీద ఇంకో షెడ్డున్నది. నాలుగు గంటలల్ల వేస్తనన్నడు."

అతను బండెక్కాడు. స్టార్ట్ చేశాడు. అప్పటిదాకా మూలన నిలబడ్డ సంపత్ పరుగున వెళ్ళి ఆ బండి కిటికీ పట్టుకున్నాడు. ఏదో చెబుతున్నాడు. వెనక్కి తిరిగి ఉన్నాడు గనుక అతని పెదవులు రాజలింగుకు కనిపించలేదు. కుర్రవాడి ముఖం మాత్రం కనిపించింది. ముందు నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, ఆ తర్వాత రోడ్డు వైపు చూశాడు. బండి కదిలింది. సంపత్ కిటికీ వదలకుండా పక్కనే నడిచాడు, ఇంకా చెబుతూనే. బండి వేగం అందుకుంటే నడక పరుగైంది. బైపాస్ మీదికి ఎక్కే చోట చెయ్యి జారింది.

రోడ్డు మధ్యలో నిలబడిపోయిన అల్లుడి పక్కకు రాజలింగు వెళ్ళి నిలబడ్డాడు. వరికోత మిషన్ ఇనుపపళ్ళు ఎండకు మెరుస్తూ జగిత్యాల వైపు దూరమవుతున్నాయి. వాటి కింద సైలెన్సర్‌లోంచి నీలంపొగ.